క్యూబా క్షిపణి సంక్షోభం: కాలేజీలో ఒక్క రోజులో ఆడించే పద్ధతి

సోవియట్ యూనియన్ క్యూబాలో గుట్టుగా అణు క్షిపణులు పెట్టడంతో, 1962 అక్టోబర్ 16 నుంచి 28 వరకు అమెరికా, సోవియట్ యూనియన్ అణుయుద్ధం అంచుదాకా వెళ్లి వెనక్కి వచ్చాయి. మన పాఠ్యపుస్తకాల్లో అది పేరా కంటే ఎక్కువ ఉండదు. ఆ పేరా చదివిన పిల్లలకి మిగిలేది అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ గట్టిగా నిలబడ్డాడు, సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్ వెనక్కి తగ్గాడు అన్న మాట ఒక్కటే. నిజంగా ప్రమాదం ఎక్కడుందో దాంట్లో కనపడదు. నాయకులు కూర్చున్న గదుల్లో కంటే, వాళ్ల మాట ఆలస్యంగా చేరే చోట్ల, అసలు చేరని చోట్ల ప్రమాదం ఎక్కువగా ఉంది. కాబట్టి పిల్లలు అప్పటి నాయకుల, అధికారుల పాత్రలు వేసి గదుల మధ్య ఉత్తరాలు పంపుకునే ఈ ఆటలో ఉపన్యాసాలకి పెద్ద పీట వేయొద్దు. ఉత్తరం మోసేవాళ్లకి, దూరపు గదుల్లో కూర్చునేవాళ్లకి వేయండి.

ఇంటర్, డిగ్రీ పిల్లలకి ఇది బాగా కుదురుతుంది. భీమవరం, అమలాపురం, తణుకు, కాకినాడ, ఎక్కడైనా ఆటకి ఐదు గదులు, ఖాళీగా ఉంచడానికి ఇంకొకటి, ఒక వరండా, 30 మంది మనుషులు, ఒక సెలవు రోజు ఉంటే చాలు.

రోజు, చోటు

వార్షికోత్సవం కదా అని అక్టోబర్ చివరి వారం పెట్టుకోవాలనిపిస్తుంది. మన డెల్టాలో అది తుపాన్ల కాలం. కరెంటు పోతుంది, లంక గ్రామాల పిల్లలు రాలేరు. సంక్రాంతి సెలవులయ్యాక జనవరి చివర్లో గానీ, ఫిబ్రవరిలో రెండో శనివారం గానీ పెట్టుకోండి.

గదులు చూసేటప్పుడు పైకి చూడండి. పాత పెంకుల బడుల్లో మధ్య గోడ కప్పుదాకా ఉండదు, ఈ గదిలో మాట ఆ గదిలో స్పష్టంగా వినిపిస్తుంది. వాషింగ్టన్, మాస్కో గదులకి మధ్య కనీసం ఒక ఖాళీ గది ఉండాలి. సోవియట్ జలాంతర్గామి గది మాత్రం అన్నిటికీ దూరంగా, వీలైతే వేరే అంతస్తులో ఉండాలి.

మనుషుల పంపకం

వాషింగ్టన్‌కి 8 మంది: అధ్యక్షుడు జాన్ కెన్నెడీ, తమ్ముడు రాబర్ట్, విదేశాంగ మంత్రి రస్క్, రక్షణ మంత్రి మెక్‌నమారా, సలహాదారు బండీ, జనరల్ టేలర్, గూఢచార సంస్థ సీఐఏ అధిపతి మెకోన్, మాస్కోలో రాయబారిగా పనిచేసి వచ్చిన థాంప్సన్. మాస్కోకి ఐదుగురు: క్రుశ్చేవ్, ఉప ప్రధాని మికోయాన్, విదేశాంగ మంత్రి గ్రోమికో, రక్షణ మంత్రి మాలినోవ్‌స్కీ, పార్టీ కార్యదర్శి కొజ్లోవ్. క్యూబా రాజధాని హవానాకి నలుగురు: క్యూబా నాయకుడు కాస్ట్రో, సోవియట్ రాయబారి అలెక్సేయెవ్, సోవియట్ సైనికాధికారులు గ్రెచ్కో, గార్బుజ్. జలాంతర్గామికి ముగ్గురు. ఢిల్లీకి ముగ్గురు. వరండాలో వేరే బల్ల మీద ఇద్దరు: ఐరాస ప్రధాన కార్యదర్శి ఊ థాంట్, వాషింగ్టన్‌లోని సోవియట్ రాయబారి దోబ్రినిన్. ఉత్తరాలు మోసేవాళ్లు ముగ్గురు, నిర్వాహకులు ఇద్దరు.

బాగా మాట్లాడే పిల్లాడిని కెన్నెడీని చేయాలన్న ఉబలాటం ఆపుకోండి. వాడిని థాంప్సన్‌ని చేయండి. నెమ్మదిగా వినే పిల్లకి అధ్యక్ష పదవి ఇవ్వండి. జలాంతర్గామికి వెళ్లే ముగ్గురు మాత్రం ఓర్పున్నవాళ్లయి ఉండాలి, ఎందుకంటే సగం రోజు వాళ్లకి ఏ కబురూ రాదు. వాళ్లకి రాసుకోవడానికి ఓడ లాగ్‌బుక్ లాంటి ఖాళీ పుస్తకం ఒకటి ఇచ్చి, పది నిమిషాలకోసారి బ్యాటరీ శాతం, గాలి పరిస్థితి రాయమనండి. ఏం రాయాలో నిర్వాహకులు ముందే చీటీ ఇస్తారు. బ్యాటరీ తగ్గుతూ పోవాలి.

సామాను

కార్బన్ పేపరు పెట్టి రాసే డూప్లికేట్ బిల్లు బుక్కులు 6, స్టేషనరీ కొట్టులో దొరికే 50 కాగితాలవి. మొత్తం ఆటకి ఇదే ప్రాణం: అసలు కాగితం వెళ్తుంది, నకలు గదిలో ఉంటుంది. ప్రతి ఉత్తరం మీద రాసిన టైము పంపేవాళ్లు వేయాలి, అందిన టైము అందుకున్నవాళ్లు వేయాలి. ఈ రెండూ లేకపోతే సాయంత్రం చర్చకి పట్టు దొరకదు.

తెల్ల కవర్లు 80. మోసేవాళ్లకి గుడ్డసంచులు 3. గోడ గడియారాలు 5. విజిల్ ఒకటి. బ్యాటరీతో పనిచేసే చేతిమైకు ఒకటి. కరెంటు మైకుని నమ్ముకోవద్దు. 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గ్లోబు ఒకటి, దారం, సూదులు.

గ్లోబు ఎందుకంటే, గోడమీద వేలాడే ప్రపంచ పటంలో వృత్తం గీస్తే దూరాలు తప్పుతాయి. 30 సెంటీమీటర్ల గ్లోబు మీద ఒక సెంటీమీటరు సుమారు 425 కిలోమీటర్లు. క్యూబాలో దిగిన ఆర్-12 క్షిపణి దాదాపు 2,000 కిలోమీటర్లు పోతుంది, అంటే 4.7 సెంటీమీటర్ల దారం. ఒక కొస క్యూబా పడమటి భాగంలో సాన్ క్రిస్టోబాల్ దగ్గర పట్టుకుని తిప్పితే వాషింగ్టన్ లోపల పడుతుంది. అదే దారాన్ని తీసి అమలాపురం మీద పెట్టి తిప్పించండి. ముంబై, కోల్‌కతా, ఢిల్లీ లోపలే ఉంటాయి, శ్రీనగర్ అంచుదాకా వెళ్తుంది. ఇక ఫ్లోరిడా దక్షిణపు కొస నుంచి క్యూబాకి దూరం సుమారు 150 కిలోమీటర్లు. అమలాపురం నుంచి విజయవాడకి గాలిలో కొలిస్తే దాదాపు అంతే. ఈ రెండు కొలతలూ పిల్లలు తమ చేతులతో చేశాక వాషింగ్టన్ గదిలో కంగారు ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. మాస్కో గదివాళ్ల చేత ఇంకో కొలత చేయించండి: టర్కీలో అమెరికా పెట్టిన 15 జుపిటర్ క్షిపణుల నుంచి మాస్కోకి. వాళ్ల కోపం కూడా అక్కడే అర్థమవుతుంది.

ఎవరికి ఏం తెలుసు

ప్రతి గదికీ ఒక సమాచారపు కవరు. అందులో ఆ రోజుకి వాళ్లకి తెలిసినదే ఉండాలి, ఒక్క వాక్యం ఎక్కువైనా ఆట పాడవుతుంది.

వాషింగ్టన్ కవరులో అమెరికా గూఢచారి విమానం యూ-2 అక్టోబర్ 14న తీసిన ఫొటోలు ఉంటాయి. కెన్నెడీ లైబ్రరీ వెబ్‌సైట్లో దొరుకుతాయి. ఏ-4 కాగితం మీద నలుపు తెలుపులో, బాణం గుర్తులు, పేర్లు చెరిపేసి ప్రింటు తీయండి. చెట్ల మధ్య గుడారాలు, పొడవాటి ట్రైలర్లు తప్ప ఏమీ తెలియదు. ఐదు నిమిషాలు వాళ్లనే తన్నుకోనిచ్చి, తర్వాత నిపుణుల చీటీ ఇవ్వండి: ఆర్-12 పొడవు సుమారు 22 మీటర్లు, ఈ ట్రైలర్ల కొలత దానికి సరిపోతోంది అని. వాళ్లకి తెలియనివి రెండు. ద్వీపంలో సోవియట్ సైనికులు సుమారు 42,000 మంది ఉన్నారు. అమెరికా అంచనా అంతకంటే చాలా తక్కువ. రెండోది ఇంకా పెద్దది: అమెరికా దండు దిగితే తీరంలోనే ప్రయోగించడానికి చిన్నపాటి అణ్వాయుధాలు అప్పటికే అక్కడ ఉన్నాయి.

మాస్కో కవరులో: 36 ఆర్-12 క్షిపణులు చేరాయి, ఇంకా ఎక్కువ దూరం పోయే ఆర్-14లు ఇంకా సముద్రంలో ఉన్నాయి, అమెరికా దగ్గర అణ్వస్త్రాలు మన కంటే ఎన్నో రెట్లు. ఫొటోల సంగతి వాళ్లకి తెలియదు.

హవానా కవరులో: 1961 ఏప్రిల్‌లో బే ఆఫ్ పిగ్స్ దగ్గర అమెరికా దింపిన దండుని తిప్పికొట్టాం, మళ్లీ వస్తారు. కాస్ట్రోకి వాషింగ్టన్‌తో నేరుగా ఉత్తరాల దారి లేదు. ఈ గదిలో కూర్చున్నవాళ్లు తమని ఎవరూ అడగడం లేదని గోల చేస్తారు. చేయనివ్వండి. చివర్లో క్షిపణులు తీసేస్తున్నారన్న కబురు కాస్ట్రోకి వార్తల ద్వారానే తెలిసింది.

గడియారం

ఉదయం 9 గంటలకి అందరినీ కూర్చోబెట్టి అరగంట నియమాలు చెప్పండి. ఫోన్లన్నీ అప్పుడే ఒక పెట్టెలో పడాలి. ఒక్క ఫోన్ మిగిలినా వాట్సాప్‌లో రెండు గదులూ కలిసిపోతాయి.

9:30 నుంచి 10:30 వరకు అక్టోబర్ 16 నుంచి 21. ఒక్కో రోజుకి 10 నిమిషాలు. 10:30 నుంచి 12:10 వరకు 22 నుంచి 26, రోజుకి 20 నిమిషాలు. అరగంట భోజనం. 12:40 నుంచి 1:40 వరకు ఒక్క 27వ తేదీయే. 1:40 నుంచి 2 వరకు 28. తర్వాత గంట సేపు చర్చ.

భోజనం పులిహోర పొట్లాలు చాలు, ఎవరి గదిలో వాళ్లు తినాలి. అందరినీ ఒకే చోట కూర్చోబెడితే విస్తరి ముందే శాంతి ఒప్పందం అయిపోతుంది.

ఉత్తరానికి ఆలస్యం తప్పనిసరి. సంకేత లిపిలోకి మార్చడం, తీయడం, అనువాదం, బట్వాడా, అన్నీ కలిసి అప్పట్లో గంటలు పట్టేవి. దోబ్రినిన్ తన రహస్య తంతిని సైకిల్ మీద వచ్చిన టెలిగ్రామ్ కుర్రాడి చేతికిచ్చి పంపాల్సి వచ్చేది. 26న క్రుశ్చేవ్ రాసిన పెద్ద ఉత్తరం పూర్తిగా చేరడానికి సుమారు 12 గంటలు పట్టింది. కాబట్టి ఆటలోనూ 12 గంటలే పెట్టండి: 22 నుంచి 26 వరకు 10 నిమిషాలు, 27న 30 నిమిషాలు. మోసేవాడు కవరు తీసుకున్నాక వరండాలో ఆ సమయం అయ్యేదాకా కూర్చోవాలి. పిల్లలు బతిమాలతారు, ఒక్క నిమిషం కూడా తగ్గించకండి.

దీనికి దొడ్డిదారి ఒకటి ఉంది, అది నిర్వాహకులు ముందే చెప్పకూడదు, ఎవరైనా అడిగితేనే ఒప్పుకోవాలి. చేతిమైకులో బహిరంగంగా చదివితే ఆలస్యం లేదు. క్రుశ్చేవ్ 27న, 28న మాస్కో రేడియోని వాడింది అందుకే. కానీ మైకులో అన్న మాట అన్ని గదులూ వింటాయి, వెనక్కి తీసుకోలేరు. బేరం గుట్టుగా సాగాలంటే ఆలస్యం, త్వరగా సాగాలంటే పరువు పణం. పిల్లలు దీన్ని సాధారణంగా భోజనానికి ముందే కనిపెడతారు.

మొదటి గంట చెడిపోయే తీరు

వాషింగ్టన్ గది పది నిమిషాల్లో "దిగ్బంధం" (క్యూబాకి వెళ్లే ఓడలని సముద్రంలోనే అడ్డుకోవడం) అని తేల్చేస్తుంది, ఎందుకంటే ముగింపు వాళ్లకి తెలుసు. అసలు గదిలో మొదటి రోజు ఎక్కువమంది వైమానిక దాడి వైపే మొగ్గారు. దీనికి మందు: రెండు దారుల మీదా ఒక్కో పేజీ రాయనిదే ఓటు లేదని నియమం పెట్టండి. దాడి పేజీ టేలర్ జట్టు రాయాలి, దిగ్బంధం పేజీ మెక్‌నమారా జట్టు రాయాలి. 21వ తేదీ వచ్చాక ఒక చీటీ లోపలికి పంపండి: వాయుసేన జనరల్ స్వీనీ చెప్పింది ఏంటంటే, ఎంత బాగా దాడి చేసినా కొన్ని క్షిపణులు మిగిలిపోవచ్చు. ఆ చీటీ చదివాక దాడి జట్టు ముఖాలు చూడండి.

అధ్యక్షుడి ముందు అందరూ తలూపడం ఇంకో జబ్బు. కెన్నెడీ కొన్ని సమావేశాలకి కావాలనే దూరంగా ఉన్నాడు. మీ అధ్యక్షురాలిని కూడా 19వ తేదీ 10 నిమిషాలు వరండాలో నిలబెట్టండి.

18వ తేదీ గ్రోమికో వాషింగ్టన్ గదికి వస్తాడు. ఇది నిజంగా జరిగింది. ఐదు నిమిషాలు. ఫొటోలు బల్ల సొరుగులో ఉంటాయి, ఆ మాట ఎత్తకూడదు. క్యూబాకి ఇస్తున్నది ఆత్మరక్షణ సాయమే అని గ్రోమికో చెప్పాలి. రోజు మొత్తంలో పిల్లలకి చెమటలు పట్టే ఐదు నిమిషాలివి.

22న అధ్యక్షుడి ప్రసంగం మైకులో. అక్కడ సాయంత్రం 7, మాస్కోలో అర్ధరాత్రి దాటి 2, మన దగ్గర 23 తెల్లవారుజామున 4:30. ప్రసంగం రెండు నిమిషాలకి మించొద్దు, అందులో మూడు విషయాలు ఉండాలి: ఏం కనిపించింది, ఏం చేస్తాం, ఏం చేస్తే ఆపుతాం. మూడోది మర్చిపోయే జట్లే ఎక్కువ. మర్చిపోతే మాస్కోకి తప్పుకునే దారి ఉండదు, 24కల్లా ఆట యుద్ధంలో పడుతుంది. 24 ఉదయం 10 గంటలకి దిగ్బంధం అమలు. గీత క్యూబా తూర్పు కొస నుంచి 500 నాటికల్ మైళ్లు; గ్లోబు మీద 2.2 సెంటీమీటర్లు. ఓడలని అట్టముక్కలతో చేసి దారం మీద జరపండి.

ఢిల్లీ గది

నిర్వాహకులు చాలామంది ఇది తీసేస్తారు. తీయకండి. సరిగ్గా ఆ వారంలోనే, అక్టోబర్ 20న, చైనా నేఫాలోనూ (ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్) లడఖ్‌లోనూ దాడి చేసింది. 26న రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ అత్యవసర పరిస్థితి ప్రకటించారు. నెహ్రూ, రక్షణ మంత్రి కృష్ణ మీనన్, విదేశాంగ శాఖ అధికారి, ఈ ముగ్గురూ మాస్కోకి, వాషింగ్టన్‌కి సాయం అడుగుతూ రాస్తారు. రెండు చోట్లా జవాబిచ్చే తీరిక ఉండదు. క్యూబా విషయంలో చైనా అండ కావాల్సిన మాస్కో, 25న తన పార్టీ పత్రిక ప్రావ్దాలో సరిహద్దు మీద చైనా ప్రతిపాదనలని సమర్థించింది. ఆ చీటీ ఢిల్లీ గదికి వెళ్లినప్పుడు అక్కడి నిశ్శబ్దం మన పిల్లలకి సొంత విషయంగా తగులుతుంది.

ఈ గది పిల్లలకి ముందు వారం ఒక పని ఇవ్వండి. ఊళ్లో 75 దాటిన పెద్దవాళ్లని కలిసి, ఆ రోజుల్లో రక్షణ నిధికి బంగారం ఇవ్వడం, రేడియో చుట్టూ చేరడం గురించి అడిగి రాసుకురమ్మనండి. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం లాంటి పాత గ్రంథాలయాల్లో ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ బైండ్లు చూడనిస్తారేమో కనుక్కోండి. కెన్నెడీ ప్రసంగం మనకి 23 తెల్లవారుజామున వచ్చింది కాబట్టి 24వ తేదీ పేపర్ నుంచి తిరగేయమనండి. ఏ వార్త పైన వేశారో, ఏది కింద వేశారో నకలు రాసుకుంటే చాలు.

27వ తేదీ

నాయకుల నిర్ణయాలు మీరు రాయొద్దు. వాళ్ల చేతిలో లేనివే చీటీలుగా పంపండి.

5వ నిమిషం: వాషింగ్టన్‌కి చీటీ. అలాస్కా నుంచి బయల్దేరిన యూ-2 ఒకటి ఉత్తర ధ్రువం దగ్గర దారి తప్పి సోవియట్ గగనతలంలోకి వెళ్లింది. మాస్కోకి అదే నిమిషంలో ఇంకో చీటీ: అమెరికా విమానం మన సరిహద్దు దాటింది, ఎందుకో తెలియదు.

20వ నిమిషం: హవానాలో గ్రెచ్కో, గార్బుజ్‌ల చేతికి చీటీ. యూ-2 తలమీదికి వచ్చింది, ఐదు నిమిషాల్లో వెళ్లిపోతుంది, అది తీసిన ఫొటోలు రేపటి దాడికి పనికొస్తాయి. మాస్కోని అడిగితే జవాబు 30 నిమిషాలకి గానీ రాదు. కూల్చాలా? ఆ రోజు ఆ ఇద్దరూ పై అధికారి దొరకక తామే ఆజ్ఞ ఇచ్చారు. మేజర్ రుడాల్ఫ్ ఆండర్సన్ చనిపోయాడు. మీ పిల్లలు కూల్చొచ్చు, మానొచ్చు. కూలిస్తే వాషింగ్టన్‌కి పది నిమిషాల తర్వాతే చెప్పండి, ఎవరు ఆజ్ఞ ఇచ్చారో చెప్పకండి. మాస్కోయే ఇచ్చిందనుకుని వాషింగ్టన్ మండిపడుతుంది. మాస్కోకి ఆ సంగతే తెలిసి ఉండదు.

35వ నిమిషం: జలాంతర్గామి. దీనికి తయారీ 24వ తేదీనే మొదలవ్వాలి. నీళ్లలోకి చిన్న పేలుళ్లు వదిలితే పైకి రమ్మని సంకేతం, దాడి కాదు అని వాషింగ్టన్ మాస్కోకి ఒక కవరు పంపుతుంది. ఆ కవరు మాస్కోకి చేరుతుంది, జలాంతర్గామికి చేరదు. నిజంగానూ అంతే అయింది. ఇప్పుడు ఆ గది తలుపు మీద కర్రతో మూడుసార్లు కొట్టండి, రెండు నిమిషాలకోసారి. లోపల లాగ్‌బుక్‌లో బ్యాటరీ అయిపోవస్తోంది, వేడి 45 డిగ్రీలు దాటింది, పైన యుద్ధం మొదలైందో లేదో తెలియదు, ఒక అణు టార్పెడో ఉంది. ముగ్గురూ ఒప్పుకుంటేనే వదలాలి. నిజంగా గదిలో ఫ్యాన్ ఆపి కిటికీలు బిగించకండి. మన ఉక్కలో పిల్లలు కళ్లు తిరిగి పడిపోతారు. కిటికీకి నల్లగుడ్డ కడితే చాలు. అప్పట్లో ఇలా చిక్కుకున్న సోవియట్ జలాంతర్గామి బీ-59లో వాసిలీ అర్ఖిపోవ్ అనే అధికారి కెప్టెన్‌ని శాంతపరిచాడన్నది ఆ పడవలోనే ఉన్న ఓర్లోవ్ చెప్పిన కథనం. వివరాల్లో చరిత్రకారులకి తేడాలున్నాయి, ఆ సంగతి చర్చలో చెప్పండి.

49వ నిమిషానికి వాషింగ్టన్‌లో రాత్రి పావు తక్కువ ఎనిమిది. రాబర్ట్ కెన్నెడీ కోరితే దోబ్రినిన్‌ని వరండాలో కలవొచ్చు, ఐదు నిమిషాలు, కాగితం లేకుండా. టర్కీ క్షిపణులు తీసేస్తాం, కానీ బయటికి చెప్పం అన్న మాట అసలు చరిత్రలో అక్కడే పడింది. మీ జట్లు వేరే బేరం కుదుర్చుకున్నా అడ్డుపడొద్దు.

యుద్ధం వచ్చేస్తే? వస్తుంది, చాలా జట్లకి. నవ్వులు, చప్పట్లు ఉండకూడదు, మళ్లీ మొదలుపెట్టడం కూడా వద్దు. విజిల్ వేసి గడియారాలు ఆపండి. ప్రతి ఒక్కరూ ఆ క్షణాన ఏ ఉత్తరం కోసం ఎదురుచూస్తున్నారో ఒక చీటీ మీద రాయాలి. వరండాలో మోసేవాళ్ల సంచుల్లో చేరని కవర్లు విప్పి చదవండి. యుద్ధం ఆపగలిగే కవరు అందులో ఉండటం అరుదేమీ కాదు.

చర్చ

నేల మీద రెండు వరసలు. పై వరసలో నకళ్లు, రాసిన టైము ప్రకారం. కింది వరసలో అసలు కాగితాలు, అందిన టైము ప్రకారం. ఒకే ఉత్తరానికి మధ్య దారం కట్టండి. దారాలు ఎక్కడ ఒకదాన్నొకటి దాటుతున్నాయో అక్కడ ఆగి అడగండి: ఈ జవాబు రాసేటప్పుడు నీ చేతిలో ఏ ఉత్తరం ఉంది? "మాస్కో మాట మార్చింది" అని వాషింగ్టన్ గది గట్టిగా నమ్మిన చోట, పాత ఉత్తరానికి వచ్చిన జవాబుని కొత్తదానికి అనుకోవడమే ఎక్కువసార్లు బయటపడుతుంది.

తర్వాత సమాచారపు కవర్లు గదులు మార్చి చదివించండి. తీరంలో అణ్వాయుధాల సంగతి వాషింగ్టన్ జట్టులో దాడికి ఓటేసినవాళ్ల చేతే చదివించాలి.

చివరి పది నిమిషాలకి అసలు జరిగింది చెప్పండి: 28న మాస్కో రేడియోలో అంగీకారం, నవంబర్ 20న దిగ్బంధం ఎత్తివేత, 1963 ఏప్రిల్‌కి టర్కీలో జుపిటర్ల తొలగింపు, ఆ ఆగస్టు 30న వాషింగ్టన్, మాస్కోల మధ్య హాట్‌లైన్. అది ఎర్ర ఫోన్ అనుకుంటారు పిల్లలు. టెలిప్రింటర్, అక్షరాలు కొట్టి పంపేది.

చిన్న తరగతులకైతే

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకి ఇంత సేపు వద్దు. బెర్లిన్‌లో తూర్పు, పడమటి భాగాల మధ్య దాటే చోటైన చెక్‌పాయింట్ చార్లీ దగ్గర 1961 అక్టోబర్ 27, 28 తేదీల్లో అమెరికా, సోవియట్ ట్యాంకులు సుమారు 16 గంటలు ఎదురెదురుగా నిలబడ్డాయి. ఒక పీరియడ్ చాలు దానికి. తరగతి మధ్యలో సుద్దతో గీత, రెండు వైపులా ఐదేసి కుర్చీలు, ఒక్కో కుర్చీ ఒక్కో ట్యాంకు. ఎవరూ మాట్లాడకూడదు. ఇద్దరు నాయకులు గది బయట కూర్చుని, ఒకే ఒక్క కుర్రాడి ద్వారా చీటీలు పంపుకుంటారు. నిజంగా అప్పుడు ముందు ఒక సోవియట్ ట్యాంకు కొద్ది మీటర్లు వెనక్కి వెళ్లింది, తర్వాత ఒక అమెరికా ట్యాంకు, అలా ఒక్కొక్కటే. మీ తరగతిలో మొదటి కుర్చీ వెనక్కి జరగడానికి ఎన్ని చీటీలు పట్టాయో బోర్డు మీద రాయండి. ముందు ఎవరు జరగాలన్న దగ్గర చీటీలు ఆగిపోతే, "ఇద్దరూ ఒకేసారి" అని ఎవరో ఒకరు రాస్తారు. అప్పుడు అడగండి, ఒకేసారి అన్నది ఎవరు లెక్కపెట్టాలి, ఆ అంకె అవతలివాళ్లకి ఎలా వినిపిస్తుంది అని.